తలుపు బయటి వైపు

"తిన్నావా తాతా?"

అడిగింది ఒక్కరు కాదు. ఏడెనిమిది మంది పిల్లలు గుమ్మానికి మూడడుగుల దూరంలో ఒకరి వెనక ఒకరు నక్కి, ఒకే గొంతుతో అడిగారు. వడ్రంగి అప్పుడు గడప దగ్గర చతికిలబడి కింది బందు మేకులు ఊడదీస్తున్నాడు. నోట్లో పట్టుకున్న రెండు మేకుల్ని అరచేతిలోకి తీసుకుని, మర్యాదగా అడిగిన పిల్లలకు మర్యాదగానే జవాబు చెప్పాడు.

"తిన్నానర్రా. కడుపునిండా తిన్నాను."

అంతే, కొంపలంటుకున్నట్టు కేకలు పెట్టి అందరూ పరుగో పరుగు. ఒకరి చెప్పు మెట్టు మీదే ఉండిపోయింది. వడ్రంగికి ఏమీ అర్థం కాక తన చేతుల్నీ, చొక్కానీ చూసుకున్నాడు. భయపడేంత వికారం తనలో ఏమీ కనపడలేదు.

బకెట్టుతో అటుగా వస్తున్న బడి ఆయా ఆగి నవ్వింది.

"ఆ మాట అనేశారా అన్నయ్యా? ఈ గుమ్మం దగ్గర ఎవరడిగినా 'ఇంకా లేదు' అనాలి. పీకలదాకా తినొచ్చినా సరే, 'ఇంకా లేదు' అనాలంతే. నేనూ ఈ బళ్ళో చదివినదాన్నే. మా రోజుల్లోనూ ఇంతే."

"ఎందుకట?"

"గోళ్ళమ్మ వింటుందని." నవ్వుతూనే అంది గానీ, అంటూ తలుపు వైపు ఒకసారి చూసింది.

మెట్టు మీది చెప్పు కోసం వెనక్కి వచ్చింది ఆయా కూతురే. పదేళ్ళుంటాయి. అందరూ ఉడత అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. చెప్పు తొడుక్కుని వెళ్ళిపోవచ్చు కదా, వెళ్ళలేదు. ఈ ముసలాయన తెలియక ప్రమాదంలో పడ్డాడని జాలిపడి, పక్కన గొంతుక్కూర్చుని విషయమంతా చెప్పింది.

గోళ్ళమ్మ ముసలిది. నిలబడలేదు. అందుకే తలుపు కింది భాగంలోనే గీకుతుంది. లోపలికి రమ్మన్నా రాదు. ఈ హాలు ధాన్యం గోదాముగా ఉన్న రోజుల్లో రానివ్వలేదు కదా, ఇప్పుడు బయటే అలవాటైపోయింది. అక్కడే కూర్చుని 'తిన్నావా?' అని అడుగుతుంది. తిన్నానంటే 'ఏం తిన్నావు?' అంటుంది. అది చెప్తే 'ఎంత తిన్నావు?' అంటుంది. అదీ చెప్తే 'మరి నాకేదీ?' అంటుంది. ఆ ప్రశ్నకు జవాబు ఇంతవరకూ ఎవరికీ తెలీదు. అందుకని మొదట్లోనే 'ఇంకా లేదు' అనెయ్యాలి. అప్పుడు 'పాపం, రా, నా పక్కన కూర్చో' అంటుంది.

"కూర్చుంటే?"

"ఏమీ కాదు. కూర్చోవడమే."

"ఇదేం దెయ్యమే! దెయ్యమంటే పీక నులమాలి, నెత్తురు తాగాలి."

ఉడత ఆయన వైపు తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూసింది. "అది ఆకలి దెయ్యం తాతా. దానికంత ఓపికెక్కడిది?"

*

మర్నాటికి తలుపు రెక్కలు రెండూ వసారాలో బల్లల మీద పడుకుని ఉన్నాయి. మంచి టేకు. వందేళ్ళు దాటినా పురుగు ముట్టలేదు. మీద మాత్రం ఎవరి ముచ్చట వాళ్ళు తీర్చుకున్నారు: పైన ఆకుపచ్చ, దాని కింద నీలం, ఆ కింద ఎర్రమట్టి రంగు. మూడు రోజుల్లో బడి శతవార్షికోత్సవం. ఆ వేళకి రంగులన్నీ పోయి అసలు చెక్క అద్దంలా మెరవాలని బడి కమిటీ కార్యదర్శిగారి ఉత్తర్వు. ఆరోజు తలుపుల్ని బార్లా తెరిచి లోపలి గోడకు ఆనిస్తారు. అప్పుడు వాటి బయటి వైపు హాల్లో కూర్చున్నవాళ్ళందరికీ కనపడుతుంది. గుమ్మం మీద పాలరాతి పలక ఎలాగూ ఉంది: 'మహా కరువునాడు మొదటి రోజే ఈ తలుపులు తెరిచి వేలాదిమంది ప్రాణాలు నిలిపిన దాత.' దాతగారు కార్యదర్శిగారికి ముత్తాత.

వసారా పక్కనే పెద్దటీచరు గది. కిటికీ తెరిచే ఉంది. వడ్రంగి వినాలని వినలేదు, కానీ చెవులకు గడియలుండవు కదా.

"'మా బడి ఒకప్పుడు ధాన్యం గోదాము. కరువొచ్చినప్పుడు జనం బయట, బస్తాలు లోపల. తలుపు తియ్యలేదు. గోళ్ళమ్మ అక్కడే కూర్చుని గీకింది.'" కార్యదర్శి ఒక నోటుపుస్తకం లోంచి చదువుతున్నాడు. "ఉత్సవాల సంచికకి 'మా బడి' అని వ్యాసం రాయమంటే రాసిన ముచ్చట ఇది! ఎవరు చెప్పారు నీకు?"

"అందరికీ తెలుసండి," అంది ఉడత గొంతు.

"అందరూ అంటే?"

"పిల్లలందరికీ."

"పోనీ దెయ్యం కథ రాశావు, రాసుకో. చిన్నపిల్లవి, సరదా. నేను కాదనను. కానీ దెయ్యం ఆకలితోనే ఎందుకు చావాలి? నూతిలో పడి చావొచ్చుగా? పాము కరిచి చావొచ్చుగా? మా గుమ్మంలోనే చావాలా?"

పెద్దటీచరు ఏదో సర్దిచెప్పబోయింది. "పసిపిల్ల అండీ, ఆ పేజీ తీసేద్దాం..."

"తీసేస్తే చాలదు. ఇది బడంతా పాకింది. ఉత్సవం రోజున అందరి ముందూ నిలబడి ఇదంతా అబద్ధం, నేనే కల్పించాను, తప్పయిందని చెప్పాలి. చెబితే సరే. లేదంటే ఈ పిల్లకి ఇక్కడ చోటు లేదు, వాళ్ళమ్మకీ లేదు."

ఆయాని పిలిపించారు. తడిచేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళింది. ఆ తర్వాత వసారాలోకి వినపడింది ఒకే ఒక్క చప్పుడు. చెంప మీద పడ్డ దెబ్బ. కార్యదర్శి కొట్టలేదు. ఆయనకా అవసరమే రాలేదు, తల్లి చేతే కొట్టించాడు. ఇలాంటి పెద్దమనుషుల చేతులు ఎప్పుడూ శుభ్రంగానే ఉంటాయి.

గది లోంచి బయటికి వచ్చినప్పుడు ఉడత ఏడవడం లేదు. ఏడుస్తున్నది ఆయా. వడ్రంగికి ఒళ్ళు మండిపోయింది. మండి ఏం చేశాడు? చిత్రికకు పదును పెట్టుకుంటూ కూర్చున్నాడు. మనలో చాలామంది చేసే పనే.

*

మూడో రోజు రంగు కాల్చే పని. బ్లోల్యాంపు మంట తగలగానే రంగు బుడగలెత్తుతుంది. రేకుతో నెడితే పెచ్చులుగా ఊడి వస్తుంది. ఒక రెక్క అయిపోయింది. రెండో రెక్క పైనుంచి కిందికి వస్తూ, అడుగుభాగానికి చేరేసరికి, రంగుతోపాటు చెక్క కూడా లేవడం మొదలైంది.

వడ్రంగి మంట ఆపేశాడు. టేకు కాల్చి పగలగొట్టానా అని వంగి చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. పగిలింది కాదు. వేలెడు పొడవున్న సన్నటి పేడు ఒకటి, అగ్గిపుల్లంత మందాన, రెండు కొసలూ పడవ మూతిలా నునుపుగా చెక్కినది, తన గాడిలోంచి పైకి తేలి ఉంది. చెక్క తనంతట తాను ఇంత అందంగా చీలదు. గోళ్ళతో పట్టుకుని లాగితే ఊడి వచ్చింది. అడుగున తోలు ఉడికించి తీసే పాతకాలపు జిగురు, వేడికి మెత్తబడి తీగలు సాగుతోంది.

పేడు ఉన్న చోట ఒక గీత. పక్కనే ఇంకో పేడు, ఇంకో గీత. ఆ పక్కన మరొకటి, ఇంకొకటి. నాలుగు గీతలు ఒక వరసలో కిందికి జారి ఉన్నాయి. ఆ పైన మరో నాలుగు, వాటికి అడ్డంగా మూడు. మధ్యాహ్నానికి పేళ్ళన్నీ కాగితం మీద, ఏ గీతకు ఆ గీత వరసలో పరిచి ఉన్నాయి. రెక్క నిండా గీతలు లేవు. అడుగునుంచి నడుమెత్తు దాకా కూడా లేవు. కూర్చున్న మనిషి చెయ్యి ఆనేటంత మేరే ఉన్నాయి.

రెక్కని గోడకు నిలబెట్టి, ఎదురుగా నేల మీద కూర్చుని చెయ్యి చాచి చూశాడు. పై వరస సరిగ్గా అరచేతికి అందింది. కింది వరసలకు అందడానికి వంగాడు, చాలలేదు. ఇంక లాభంలేదని అరవై ఏళ్ళ మనిషి వసారా నేల మీద పక్కకి వాలి పడుకున్నాడు. అప్పుడు అందాయి. మంచినీళ్ళకు వెళ్తున్న పిల్లలు ఆయన్ని చూసి నవ్వలేదు.

ఏ వైపు బయటో వడ్రంగికి ఎవరూ చెప్పక్కర్లేదు. లోపలి వైపు అడ్డకర్ర దిగే ఇనుప కొక్కేలున్నాయి. ఈ వైపు ఎండకి, వానకి చెక్క నరాలు తేలి ఉన్నాయి. లోపల అడ్డకర్ర బిగించి ఉంది, బయట చేతులున్నాయి. ఇంకేం సాక్ష్యం కావాలి?

అంతకంటే పెద్ద దెబ్బ ఆ పేళ్ళలో ఉంది. ఆ పడవ మూతి కోత ఆయనకి తెలుసు. అది రాక చిన్నప్పుడు నెత్తి మీద మొట్టికాయలు తిన్నాడు. యాభై ఏళ్ళ ఉత్సవానికి ఈ తలుపు బాగుచేసింది నాన్నే అని ఇంట్లో గొప్పగా చెప్పుకునేవారు. లప్పం పూసి తేల్చెయ్యవచ్చు. నాన్న అలా చెయ్యలేదు. ఒక్కో గీత కొలిచి, దాని పొడవుకి, దాని వంపుకి ఒక్కో పేడు చెక్కి, నరం నరానికి కలిపి అతికాడు. అంటే ప్రతి గీతలోనూ వేలు పెట్టి చూశాడు. తెలియక చేసిన పని కాదు.

సాయంత్రం కార్యదర్శి వచ్చాడు. గీతల్ని చూశాడు. ఆయన మొహంలో ఆశ్చర్యం కోసం వడ్రంగి వెతికాడు, దొరకలేదు.

"ఎలుకలు," అన్నాడు కార్యదర్శి.

"ఎలుకలు నాలుగేసి గీతలు, మనిషి వేళ్ళ ఎడంతో గీస్తాయా బాబుగారూ?"

"అయితే పిల్లులనుకో. నువ్వు వడ్రంగివా, చరిత్ర మేష్టారివా? రేపటికి చదునుగా ఉండాలి. మీ నాన్న మా తాతగారు చెప్పిన పని నోరెత్తకుండా చేశాడు. ఆయనకొచ్చిన పని నీకు రాదా?"

మాట జారిందని ఆయనకి తెలిసింది. తెలిసినా నాలిక కరుచుకోలేదు. వడ్రంగి దగ్గర నాలిక కరుచుకోవాల్సినంత అగత్యం ఏముంది? తాతకి తెలుసు, తండ్రికి తెలుసు, మనవడికి తెలుసు. తెలిసీ ఒక పదేళ్ళ పిల్లని 'నేనే కల్పించాను' అనమంటున్నారు. పాలరాతి పలక తుడుచుకుంటూ ఇన్నేళ్ళు దర్జాగా తిరుగుతున్నారు. ఆ ఇంటి పెద్దలు దాచిన దాన్ని బళ్ళో పిల్లలు ఒకరి చెవిలో ఒకరు ఊదుకుంటూ వందేళ్ళు కాపాడారు. అదీ దెయ్యం కథని, ఉత్త పిల్లచేష్టలని అందరి చేతా అనిపించుకుంటూ.

కార్యదర్శి వెళ్ళాక వడ్రంగి ఆయాని పిలిచి చూపించాడు. ఆమె వంగి చూసింది. ఒక గీతలో వేలు పెట్టబోయి వెనక్కి తీసుకుంది.

"నాకు చూపించకపోయినా బాగుండేది అన్నయ్యా."

"నీ కూతురు అబద్ధం రాయలేదు తల్లీ."

"అది నాకు తెలీదా? కొట్టినప్పుడు కూడా తెలుసు." గొంతు తగ్గించింది. "మీకు దణ్ణం పెడతాను, ఇది కదపకండి. అది ఒక్క పూట తలొంచుకుంటే అయిపోతుంది. మీరు కదిపితే మీ పని మీరు చూసుకుని వెళ్ళిపోతారు. మేమెక్కడికి పోతాం?"

వడ్రంగి రెక్కని గీతల వైపు గోడకి తిప్పి పెట్టాడు. ఆమె అన్నది నిజమే మరి.

*

నాలుగో రోజంతా ఆయన తన తండ్రి పని మళ్ళీ చేశాడు. కాగితం మీది పేళ్ళు ఒక్కొక్కటీ తీసి, పాత జిగురు గోకి, ఏ గాడి పేడు ఆ గాడిలో దించాడు. పనితనం అంటే అది. యాభై ఏళ్ళ తర్వాత కూడా ప్రతి పేడూ తన చోటు వెతుక్కుని కూర్చుంది. ఇంత మంచి చేతులు ఇంత చెడ్డ పనికి వంగాయే అని తండ్రి మీద కోపం వచ్చింది. ఆ వెంటనే తన చేతులు కనపడ్డాయి. నాన్నని తిట్టడానికి నోరు రాలేదు.

జిగురు డబ్బా పక్కనే ఉంది, మూత తియ్యలేదు. గాడి బిగువు మీదే పేళ్ళని నిలబెట్టి, మైనం రుద్ది, పాలిష్ పట్టాడు. ఎందుకు జిగురు పెట్టలేదని ఆ పూట ఎవరైనా అడిగి ఉంటే, మర్చిపోయానని చెప్పేవాడు. నలభై ఏళ్ళలో ఏ వడ్రంగీ మర్చిపోని పని అది.

సాయంత్రం నలుగురు పట్టి తలుపులు ఎక్కించారు. కార్యదర్శి వచ్చి అరచేత్తో నిమిరి, "మీ నాన్న చెయ్యే," అన్నాడు మెచ్చుకోలుగా. వడ్రంగికి ఆ మాట చెప్పుతో కొట్టినట్టు తగిలింది.

*

ఉత్సవానికి హాలు కిటకిటలాడింది. ముందు కుర్చీల్లో అతిథులు, వెనక తల్లిదండ్రులు, మధ్యలో నేల మీద పిల్లలు. తలుపు రెక్కలు చెరో గోడకూ ఆనించి ఉన్నాయి. ఉదయపుటెండ తగిలి టేకు తేనెరంగులో మెరుస్తోంది. వడ్రంగి పేళ్ళు దించిన కుడి రెక్క పక్కన నిలబడ్డాడు. ఆయా వెనక గుమ్మం దగ్గర చీపురుతో సహా నిలబడి ఉంది. చీపురు ఎక్కడ పెట్టాలో కూడా తోచనట్టుంది పాపం.

దాతగారి గొప్పతనం మీద ముగ్గురు మాట్లాడారు. మూడుసార్లు ఆయన మొదటి రోజే తలుపులు తెరిచాడు. తర్వాత ఉడతని పిలిచారు.

పిల్ల కాగితం పట్టుకుని వేదిక ఎక్కింది. మైకు ఎత్తుగా ఉంటే పెద్దటీచరు వచ్చి దించింది. దించిన చెయ్యి వెంటనే వెనక్కి తీసుకోలేదు, కాసేపు పిల్ల భుజం మీద ఉంచింది.

"నేను రాసిన వ్యాసం అబద్ధం. గోళ్ళమ్మ లేదు. తలుపు దగ్గర ఎవరూ ఆకలితో..." ఆగింది. కాగితం చూసింది. "ఎవరూ చనిపోలేదు. ఇదంతా నేనే కల్పించాను. నన్ను క్షమించండి."

"గట్టిగా," అన్నాడు కార్యదర్శి, నవ్వుతూ. "వెనక ఉన్న నీ స్నేహితులక్కూడా వినపడాలి."

పిల్ల మళ్ళీ చదివింది, గట్టిగానే. ఈసారి 'నేనే కల్పించాను' దగ్గర గొంతు చీరుకుపోయింది. నేల మీద కూర్చున్న పిల్లలందరూ తలలు వంచుకున్నారు. తప్పు చేసినట్టు కాదు. తమకు తెలిసిన మనిషిని ఎవరో కొడుతుంటే చూడలేనట్టు.

"శభాష్. నిజం ఒప్పుకోవడం గొప్ప లక్షణం," అన్నాడు కార్యదర్శి. జనం చప్పట్లు కొట్టారు. ఆ ఊపులోనే ఆయన గుమ్మం వైపు చెయ్యి చాపాడు. "మా ముత్తాతగారి తలుపుకి మళ్ళీ ప్రాణం పోసిన మేస్త్రీకి కూడా మన అభినందనలు!"

అందరూ తిరిగి వడ్రంగిని చూశారు. దణ్ణం పెట్టి ఊరుకుంటే సరిపోయేది. ఆయన చేతులు దణ్ణానికి లేచాయి కూడా, కానీ కలవలేదు.

"బాబుగారూ, ఆ పిల్ల వ్యాసంలో రాసింది నిజం," అన్నాడు. మైకు లేదు, ఉలి దెబ్బల మీద మాట్లాడి అలవాటైన గొంతు, వెనకదాకా వినపడింది. "అబద్ధం ఇప్పుడే ఆడింది. రెండుసార్లు ఆడింది. మీరే ఆడించారు."

"మేస్త్రీ..."

"ఆ అబద్ధానికి సాయం పట్టింది మేమే. మొదట మా నాన్న, ఇప్పుడు నేను."

అరచేత్తో తలుపు అడుగున చరిచాడు. రెండు పేళ్ళు రాలి నేల మీద పడ్డాయి. మళ్ళీ చరిచాడు. మిగిలినవాటిని జేబులోంచి తీసిన ఉలి మొనతో ఒక్కొక్కటే పైకి లేపాడు. తొందరపడలేదు. చెక్కకి దెబ్బ తగలకుండా, పని చేసినట్టే చేశాడు. కార్యదర్శి ఆపమన్నాడు, ఎవరినో పిలిచాడు, పిల్లల్ని బయటికి పంపించెయ్యమని పెద్దటీచరుతో అన్నాడు. ఆమె లేచి నిలబడింది గానీ, అడుగు తియ్యలేదు. తేనెరంగు టేకు మీద నాలుగేసి గీతలు వరస వెంట వరసగా బయటపడుతుంటే, ముందు కుర్చీల్లో వాళ్ళు కూడా మెడలు సాచి చూశారు.

"అటు గోడకానిన లోపలి వైపు అడ్డకర్ర కొక్కేలు. ఇటు బయట ఇవి," అన్నాడు వడ్రంగి. "మొదటి రోజే తలుపు తీస్తే ఇన్ని గీతలు పడవండి. చాలా రోజులు పడుతుంది."

ఆయన ఆయా వైపు చూడలేదు. చూడ్డానికి ధైర్యం చాలలేదు. వద్దని దణ్ణం పెట్టిన మనిషి అన్నం కాలదన్నేశానని తెలుసు. ఆమె తిట్టినా, శాపనార్థాలు పెట్టినా పడాలనుకుని తలొంచుకుని నిలబడ్డాడు.

ఆయా చీపురు గోడకి ఆనించింది. అతిథుల మధ్య నుంచే నడిచి వేదిక దగ్గరికి వెళ్ళి, చెయ్యి చాపి కూతురు చేతిలోని కాగితం తీసుకుంది. మడతపెట్టి, కార్యదర్శి ముందున్న బల్ల మీద పెట్టింది.

"ఇది మీరు రాసిచ్చింది, మీ దగ్గరే ఉంచుకోండి," అంది. కాగితం మీంచి చెయ్యి తియ్యకుండానే పూర్తిచేసింది. "నా కూతురు రాసింది అచ్చెయ్యండి."

ఉడత వేదిక దిగింది. తలుపు దగ్గరికి వచ్చి గీతల ముందు కూర్చుంది. మొదట పై వరస మీద చెయ్యి పెట్టి చూసింది, చెయ్యి చాలలేదు, అది పెద్దవాళ్ళది. ఇంకో వరస చూసింది. అలా చూసుకుంటూ, చూసుకుంటూ, పడుకుంటే తప్ప అందని అట్టడుగు వరస దాకా వచ్చి, చెంప నేలకి ఆనించి వేళ్ళు పెట్టింది. నాలుగు గీతలూ ఆ పిల్ల మూడు వేళ్ళ కిందే ఇమిడిపోయాయి. చెయ్యి తీసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అంతే.

"అమ్మా," అంది, లేవకుండానే. "మేమంతా ముసలిదనుకున్నాం. ఇది నాకన్నా చిన్నది."

చప్పట్లు కొట్టడానికి పిలిపించుకున్న అంతమందిలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఎవరికీ తెలియలేదు.